డోరీన్ ఇచ్చిన కప్పు

దాహం ఎవరిదని అడగకుండా నీళ్ళిచ్చే దేవునికి స్తోత్రం. పల్లెలో మా నాయనమ్మ దోసిలిని చూసినవాడే, ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో నా దోసిలినీ చూశాడు. మరిచిపోయేదాన్ని నేను, గుర్తుచేసే ఓపిక ఆయనది. ఆ ఓపికకు వందనాలు చెప్పకుండా ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు నోరు రాదు. ఇందులో నేను చేసిన మంచి పెద్దగా లేదు. నాకు జరిగిన మంచి ఉంది, నేను చేసిన తప్పు ఉంది, ఆ రెంటి మధ్యా ఆయన చేసిన పని ఉంది. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పోయిన నెల, నాతో పనిచేసిన డోరీన్ కూతురు మా ఇంటికి వచ్చింది. తల్లిని సమాధి చేసి అప్పటికి రెండు వారాలు. సోఫాలో కూర్చోకుండానే సంచిలోంచి న్యూస్‌పేపర్‌లో చుట్టిన వస్తువొకటి తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే తెల్లటి టీ కప్పు. అంచున నీలం గీత. పక్కన స్కెగ్నెస్ అనే సముద్రపు ఊరి బొమ్మ, కడిగి కడిగి సగం చెరిగిపోయింది. పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది. అడుగున తెల్ల టేపు ముక్క, దాని మీద మార్కర్‌తో నా పేరు. మేం పనిచేసిన కేర్ హోమ్‌లో ముసలివాళ్ళ స్వెట్టర్లకూ కళ్ళజోళ్ళకూ అలాగే పేర్లు అంటించేవాళ్ళం. డోరీన్ పోయేముందు ఇంట్లో సామాన్లన్నిటికీ అలా పేర్లు అంటించి పెట్టిందట. "ఈ పాత కప్పు మీకెందుకు రాసిందో మాకు అర్థం కాలేదు ఆంటీ," అంది ఆ పిల్ల. నా రెండు చేతులూ ఆ కప్పు చుట్టూ దోసిలిలా మూసుకుని ఉన్నాయి.

ఈ దేశం వచ్చిన కొత్తలో సంగతి. గుంటూరు దగ్గర మిషన్ ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఇక్కడ బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా చేరాను. అక్కడి వాసన తలుపు తీయగానే తగిలేది: ఉడికిన క్యాబేజీ, టాల్కం పౌడర్, వేడి హీటర్ల మీద ఆరుతున్న తువ్వాళ్ళు. పొద్దున ఏడింటికి రాత్రి డ్యూటీవాళ్ళు పని అప్పగించే హ్యాండోవర్, తర్వాత ముసలివాళ్ళను లేపి ముఖాలు కడిగి కూర్చోబెట్టడం, పదిన్నరకు టీ ట్రాలీ. సిబ్బంది గదిలో సింకు పైన వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో కప్పు. ఎవరి కప్పు వాళ్ళది. మొదటి రోజు నాకు కప్పు లేదు. కప్పు తెచ్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. గొంతు ఎండిపోతోంది. ఎదురుగా తొమ్మిది కప్పులు వేలాడుతున్నాయి. ఒక్కటి తీసుకుని తాగి, కడిగి పెడితే సరిపోయేది. నేను ఆ పని చేయలేదు. కుళాయి తిప్పి, వంగి, దోసిలి పట్టి తాగాను.

ఆ దోసిలి మా నాయనమ్మది. మాది మాలపల్లె. నాయనమ్మ కోతలకు వెళ్ళినప్పుడు ఆసామి ఇంటి అరుగు కింద నిలబడి వంగేది. ఆ ఇల్లాలు ఎత్తునుంచి చెంబుతో నీళ్ళు పోసేది, చెంబు తగలకుండా, చెయ్యి తగలకుండా. నోట్లోకి పోయేవాటికంటే మోచేతుల వెంట కారిపోయేవే ఎక్కువట. నాకు తెలివి వచ్చేసరికి మా ఇంట్లో స్టీలు గ్లాసులున్నాయి. అయినా ఆమె గ్లాసుతో నీళ్ళు తాగాక కూడా పైట చెంగుతో రెండు మోచేతులూ తుడుచుకునేది. తడి లేకపోయినా తుడుచుకునేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, గుడిలో, అంటే మా చర్చిలో, అందరూ రొట్టె తిని ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే ఆరాధన. శనివారం సాయంత్రమే ఆమె ఎండుద్రాక్ష నానబెట్టేది. రాత్రికి ఇల్లంతా ఆ తీపి పులుపు వాసన. తెల్లారి అన్నం ముట్టకుండా, ఉతికిన తెల్ల చీర కట్టుకుని, ఆ ద్రాక్షలు పిసికి గుడ్డలో వడకట్టి గుడికి పట్టుకెళ్ళేది. మతం ఎందుకు పుచ్చుకున్నావని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద వాక్యాలేమీ చెప్పేది కాదు. "మిషన్ దొరసానమ్మ మూతి పెట్టిన గిన్నెకే నేనూ మూతి పెట్టానే. ఆవిడ తుడవలా. నేనూ తుడవలా. ఆపూట నమ్మాను, ఈయన దేవుడేనని," అనేది. మా ఇంటిల్లిపాది విశ్వాసమూ ఒక గిన్నె అంచున మొదలైంది.

నేను కుళాయి కింద వంగి తాగుతుంటే వెనకనుంచి ఎవరో చూస్తున్నారనిపించి తిరిగాను. ఎత్తయిన మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది, జమైకా నుంచి చిన్నప్పుడు వచ్చిన నల్లజాతి మనిషి. డోరీన్ ఇంగ్లీషులోనే మాట్లాడింది గాని, ఎందుకో ఆమె మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"డార్లింగ్, గుర్రానిక్కూడా బకెట్ ఇస్తారు ఇక్కడ. ఏంటిది?"

నాకు కప్పు లేదన్నాను. ఆమె తన చేతిలో సగం తాగిన టీ ఉన్న స్కెగ్నెస్ కప్పు నాకు చాపింది. కడగలేదు, వేరే కప్పులో వంపలేదు. "చక్కెర ఎక్కువ. అలవాటు చేసుకో," అంది. నేను అందుకుని తాగాను. బయట సన్నగా వాన. పదేళ్ళపాటు ఎన్నో సువార్త సభలకు వెళ్ళాను, ఎంతోమంది సేవకుల ప్రార్థనలు విన్నాను. దేవుడు ఈ గదిలో ఉన్నాడని అంత భయంగా, అంత ఆశ్చర్యంగా అనిపించింది ఆ సింకు దగ్గరే. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు చూస్తే ఆమె కప్పు కొక్కెం పక్కనే ఖాళీగా ఉన్న కొక్కేనికి నా పేరు అంటించి ఉంది. అందరూ నన్ను 'సూ' అని పిలిచేవారు. ఆ టేపు మీద మాత్రం పూర్తి పేరు: సువార్తమ్మ.

మా రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, ఒక విచిత్రం ఉండేది. బయటి దేశాల నుంచి వచ్చిన ఐదుగురికీ దాదాపు ప్రతి ఆదివారం డ్యూటీ పడేది. నేను గుడికి వెళ్ళాలని మేనేజరును అడిగాను. మంచావిడే. పుట్టినరోజులకు కేకులు చేసుకొచ్చేది. "మీకు ఇక్కడ కుటుంబాలు లేవు కదా సూ, ఆదివారం ఇంట్లో ఏం చేస్తారు? అందుకే," అంది. మా ఆయన ఇక్కడే ఉన్న సంగతి ఆమెకు తెలియదు. డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను. నిజంగానే నవ్వుతూ, "మీకు క్రిస్మస్ ఉండదుగా!" అంది. మూడు తరాల క్రైస్తవురాలిని. థాంక్యూ చెప్పి వచ్చేశాను.

డోరీన్ విని నవ్వలేదు. పాత రోటా కాగితాలు ఏడాదివి పోగుచేసి, సిబ్బంది గది బల్ల మీద వరసగా పరిచి, పసుపు రంగు పెన్నుతో మా ఐదుగురి ఆదివారాలన్నీ గీసింది. బల్లంతా పసుపు. తర్వాత మేనేజరును పిలిచింది. గొంతు పెంచలేదు. "నిన్ను చెడ్డదానివి అనడానికి పిలవలేదు. ఇది చూడమని పిలిచాను. నువ్వు చూసి ఉండవు," అంది. మేనేజరు చాలాసేపు చూసింది. మెడ ఎర్రబడింది. అంత తేలిగ్గా ఏమీ మారలేదు. పై ఆఫీసుకు ఉత్తరాలు, రెండు మీటింగులు, తోటివాళ్ళ సణుగుడు. అన్నిటికీ డోరీన్ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. చివరకు ఆదివారాలు అందరికీ వంతులవారీగా వేశారు. తర్వాతి నెలలో మొదటి ఆదివారం నాకు సెలవు వచ్చింది. ఆ ఆదివారం నాకు ఇచ్చింది డోరీన్. ఇది మీరు గుర్తుంచుకోవాలి, నేను గుర్తుంచుకోలేదు కాబట్టి.

మా తెలుగు సహవాసం ఒక ఇంగ్లీషు చర్చివారి హాలులో మధ్యాహ్నం మూడింటికి కూడేది. ముప్పై, నలభై మందిమి. నర్సులు, కేరర్లు, వేర్‌హౌస్‌లో చేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మా సంఘపెద్ద ఎలీషా అంకుల్. మేం ఈ ఊళ్ళో బస్సు దిగిన రోజు స్టేషన్‌కు రైస్ కుక్కరూ రెండు దుప్పట్లూ పట్టుకుని వచ్చిన మనిషి, ఫ్లాట్ వెతికిపెట్టిన మనిషి. ఆయన భార్య రూతు ఆంటీ. షాపులో ద్రాక్షరసం దొరికినా కొనేది కాదు, ఎండుద్రాక్షే నానబెట్టేది. హాలు వంటగదిలోకి అడుగుపెడితే మా నాయనమ్మ ఇంటి శనివారం వాసన. గుంటూరు నుంచి తెచ్చిన వెండిపూత గిన్నె ఒకటి ఉండేది. అందరం అందులోనే తాగేవాళ్ళం. దేశమంతా స్వైన్ ఫ్లూ అని హడలిపోయిన చలికాలంలో కూడా ఎలీషా అంకుల్ గిన్నె పైకెత్తి, "ప్రభువు రక్తంలో రోగం ఉండదు," అన్నాడు. నర్సులమై ఉండి కూడా ఆమేన్ అని తాగాం.

ఫ్లూ పోయింది. ఆ తర్వాత డోరీన్ వచ్చింది. నేనే పిలిచాను. మా పాటలు ఆమెకు ఎంతో నచ్చాయి. మాటలు రాకపోయినా వెనక వరసలో నిలబడి చప్పట్లు కొడుతూ రాగం అందుకునేది. పిల్లలు ఆమె చుట్టూ చేరేవాళ్ళు. కూటమయ్యాక పాత్రలన్నీ తనే కడిగేది. ఆమె మొదటిసారి ప్రభువు బల్లకు వచ్చిన రోజు, ఆమె తర్వాత నిలబడిన సహోదరి రొట్టె తీసుకుని గిన్నె దగ్గర తల అడ్డంగా ఊపింది. ఆ వెనకాయన చేతిరుమాలుతో అంచు తుడిచి తాగాడు. నేను చూశాను.

రెండు వారాలకు ఎలీషా అంకుల్ నన్ను వంటగదిలోకి పిలిచాడు.

"అమ్మాయ్, గిన్నె సంగతి కొందరు అంటున్నారు. చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెద్దామని. హైజీన్ కదా."

"లిప్‌స్టిక్ కూడా అంటుద్దమ్మా," అంది రూతు ఆంటీ, ద్రాక్షలు కడుగుతూ, మా వైపు చూడకుండా.

"డోరీన్ లిప్‌స్టిక్ వేసుకోదు కదాంటీ," అన్నాను.

"ఆవిడ సంగతి ఎవరన్నారే? అందరికోసం," అన్నాడు అంకుల్. "నువ్వు నర్సువి. నువ్వో అరపేజీ రాసిస్తే ఎవురూ కాదనరు. నీ మాటకు విలువుంది."

నా మాటకు విలువుందని ఈ దేశంలో నాతో అంతవరకు ఎవరూ అనలేదు. రాశాను. ఉమ్మితో వ్యాపించే జబ్బుల పేర్లు రాసి, కింద సంతకం చేశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ కాగితం మొత్తం అబద్ధం. వచ్చే నెల ట్రేలో చిన్న కప్పులు వచ్చాయి. "మన సువార్తమ్మ సిస్టర్ సలహా మీద," అని అంకుల్ సభలో చెప్పాడు. డోరీన్ ఒక కప్పు తీసుకుని తాగింది. బస్‌స్టాప్‌లో అడిగింది, "పెద్ద గిన్నె ఏమైంది?" "హైజీన్," అన్నాను. "ఓహో," అని రాగం ఏదో తీస్తూ బస్సు వచ్చే వైపు చూసింది. ఏడాది పైన గడిచింది అలా.

ఒక రోజు కేర్ హోమ్‌లో కొత్తగా వచ్చిన ముసలాయన నేనిచ్చిన టీ తాగనన్నాడు. "నీ చేతిది వద్దు. ఆ తెల్లమ్మాయిని తెమ్మను," అన్నాడు. మర్నాడూ అంతే. డోరీన్ నన్ను మళ్ళీ ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళింది. మేనేజరు ఇబ్బందిగా కదిలి ఆయన ఫైలు తెరిచి చదివింది. "ఆయనకు రంగు గొడవేమీ లేదట సూ. హైజీన్ కారణాల వల్ల ఒకరి చేతిదే తాగుతాడట. అలాగే రాసుకున్నాం."

ఆ మాట వినగానే డోరీన్ మేనేజరు వైపు చూడలేదు. మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. పసుపు పెన్నుతో బల్ల మీద కాగితాలు పరిచి మేనేజరుకు చూపించినప్పటి చూపే అది. చూడు, నువ్వు చూసి ఉండవు, అన్నట్టు. బైబిల్లో తప్పు చేసిన దావీదు రాజు ఎదుట ప్రవక్త నిలబడి, ఆ మనిషివి నువ్వే అన్నప్పుడు రాజుకు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలిసింది. ఆ తర్వాత డోరీన్ మేనేజరు వైపు తిరిగి, నా తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను, సభలో నిలబడి ఒప్పుకుంటానని. "ఎలీషా అంకుల్ పరువు తీస్తావా? ఆ మనిషి లేకపోతే మనం ఎక్కడుండేవాళ్ళం?" అన్నాడు. మాకు ఈ ఊళ్ళో ఉన్న చుట్టాలందరూ ఆ హాలులో ఉన్నవాళ్ళే. వాళ్ళు మొహం తిప్పుకుంటే ఆదివారమే కాదు, అన్ని రోజులూ ఒంటరిమే. కాని అర్పణ తెచ్చినవాడు సహోదరునికి తన మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అది అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడాలని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఎన్ని నెలలు ఎంత తేలిగ్గా ఆ బల్ల దగ్గరికి నడిచానో తలచుకుంటే భయం వేసింది.

మొదటి ఆదివారం ముందుగా వెళ్ళి హాలు వంటగదిలో డోరీన్‌ను పట్టుకున్నాను. "ఆ చిన్న కప్పులు నీ వల్లే వచ్చాయి. కాగితం నేను రాశాను," అన్నాను.

ఆమె గిన్నెలు తుడుస్తూనే ఉంది. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి. ఏడాది రోటాలు లెక్కపెట్టినదాన్ని, కప్పులు లెక్కపెట్టుకోలేనా?"

"మరి ఎందుకు వస్తున్నావు?"

"పాటల కోసం." ఇంకో గిన్నె అందుకుంటూ, "నీకు ఎంత కాలం పడుతుందో చూద్దామని. చాలానే పట్టింది." అప్పుడు తువ్వాలు పక్కన పెట్టింది. గొంతు మారింది. "నొప్పి పుట్టింది సువార్తా. వాళ్ళు చేసినందుకు కాదు. ఆ సింకు దగ్గర నిన్ను చూసినదాన్ని కదా, అందుకు. నాతో చెప్పేశావు, సరే. వెళ్ళి వాళ్ళతో చెప్పు."

సాక్ష్యాల సమయంలో లేచాను. మా నాయనమ్మ దోసిలి గురించి చెప్పాను. ఒకే గిన్నెకు మూతి పెట్టి ఆమె దేవుణ్ణి నమ్మిందని చెప్పాను. ఫ్లూ ఉన్నప్పుడు తీయని గిన్నెను, మనిషి వచ్చాక తీశామని, అందుకు చదువుకున్న చేత్తో కాగితం రాసింది నేనని చెప్పాను. "ఇక్కడున్న మనందరి తాతలూ వంగి తాగినవాళ్ళే," అన్నాను.

"అమ్మా సువార్తా, కూర్చో. ఇది కమిటీ విషయం," అన్నాడు ఎలీషా అంకుల్. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. వెనక ఎవరో కుర్చీ బరబరా జరిపి లేచి వెళ్ళిపోయారు.

నేను కూర్చోలేదు. ఏం చేయాలో తెలియక నిలబడే ఉన్నాను. అప్పుడు రూతు ఆంటీ లేచింది. మొగుడి వైపు చూడలేదు. వంటగదిలోకి వెళ్ళి పై బీరువాలోంచి గుడ్డలో చుట్టిన గిన్నె తెచ్చింది. ఏడాదిన్నర మూలపడిన వెండిపూత. నల్లగా మారి ఉంటుందని, తోమడానికి చింతపండు కూడా చేతిలో పట్టుకొచ్చింది. గుడ్డ విప్పి అలాగే ఆగిపోయింది. గిన్నె ధగధగ మెరుస్తోంది. కిటికీ వెలుగు దాని మీద పడి గోడ మీద ఆడింది.

"ఎవురు తోమారు దీన్ని?" అంది ఆంటీ.

డోరీన్‌కు తెలుగు రాదు. అయినా ఏం అడిగారో తెలిసినట్టే వెనక వరసలోంచి చెప్పింది. "ప్రతి నెలా నేనే తోముతున్నాను. ఎప్పుడో కావాల్సి వస్తుందని."

మమ్మల్ని వెలిపెట్టిన గిన్నె కాదది, మేం ఆమెను వెలిపెట్టిన గిన్నె. ప్రతి నెలా కూటమయ్యాక, మేం టీ తాగుతూ ఊరి కబుర్లు చెప్పుకుంటుంటే, ఆమె ఒంటరిగా ఆ వంటగదిలో దాన్ని మాకోసం మెరిపిస్తూ వచ్చింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను. నాలాగే ఇంకొందరు. ఆ మధ్యాహ్నం రూతు ఆంటీ ముందుగా గిన్నె డోరీన్‌కు ఇచ్చింది, ఆమె తర్వాత తను తాగింది. తుడవలేదు.

అందరూ తాగారని చెప్పను. రెండు కుటుంబాలు ఆ రోజు నుంచి రావడం మానేశాయి. ఒకటి తర్వాత తిరిగి వచ్చింది. ఎలీషా అంకుల్ తల దించుకుని కుర్చీలోనే ఉండిపోయాడు. మూడు నెలలు ఆయన మాతో మాట్లాడలేదు, బల్లకూ రాలేదు. నాలుగో నెల లైన్లో వెళ్ళి సరిగ్గా డోరీన్ వెనక నిలబడ్డాడు. తాగాడు. ఆమె ఆయన చెవి దగ్గర వంగి, "రుచి ఎలా ఉంది ఎలీషా?" అంది. "ఎండుద్రాక్షలాగే ఉంది సిస్టర్," అన్నాడాయన, నవ్వబోయి ఏడ్చేశాడు. బయట కారు దగ్గర నాతో ఒక్క మాట అన్నాడు: "మా అమ్మ కూడా మోచేతులు తుడుచుకునేదమ్మాయ్. నేనేమో ఎందుకా అని నవ్వేవాణ్ణి."

ఇప్పుడు మా కేర్ హోమ్‌లో రోటా కంప్యూటర్ వేస్తుంది. గోడల మీద అందరూ సమానమని పోస్టర్లున్నాయి, ఏడాదికోసారి దాని మీద ట్రెయినింగ్ కూడా ఉంది. మంచిదే. అవేవీ లేని రోజుల్లో ఒక మనిషి పసుపు పెన్నుతో కూర్చుంది కాబట్టే అవి వచ్చాయని కొత్తపిల్లలకు చెబుతుంటాను. కాని ఏ పోస్టరూ నా చేత ఆ అరపేజీ రాయకుండా ఆపలేకపోయేది. అన్యాయం నాకు జరిగినప్పుడు ఇట్టే గుర్తుపట్టాను. నా చేతి మీదుగా జరిగినప్పుడు అది నాకు శుభ్రంగా, బాధ్యతగా, నా చదువుకు దొరికిన గౌరవంగా కనబడింది. అంత గుడ్డిదాన్ని దేవుడు విడిచిపెట్టలేదు. తోమిన గిన్నె ఒకటి సిద్ధంగా పెట్టి కనిపెట్టుకుని ఉన్నాడు.

డోరీన్ కూతురికి ఆ రోజు ఇదంతా చెప్పాను. చెప్పి, ఆ కప్పులోనే టీ పెట్టి, చక్కెర ఎక్కువ వేసి, సగం తాగి ఆమెకు ఇచ్చాను. ఆ పిల్ల కడగకుండానే అందుకుంది.

ఇది చదువుతున్న మీ ఇంట్లో సింకు కిందో, బాల్కనీ మూలనో పనిచేసేవారి కోసమని విడిగా పెట్టిన గ్లాసు ఒకటి ఉండొచ్చు. లేదా మీ మనసులోనే ఉండొచ్చు, మంచి పేరొకటి తగిలించుకుని. ఇప్పుడే లేచి దాన్ని చేతిలోకి తీసుకోండి. తీసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, మేం విడిగా పెట్టినవాటిని మాకు చూపించు. చూశాక సాకులు వెతుక్కోనివ్వకు. మేం మూలకు నెట్టినవారి చేతుల్లో మాకోసం మెరుస్తున్న గిన్నె దగ్గరికి మమ్మల్ని నడిపించు. మా మోచేతుల తడి తుడిచినవాడా, ఇంకొకరి మోచేతులు మా వల్ల తడవనివ్వకు. ఆమేన్ అనండి.